వల్లమ్మ పురిటి సెలవు

కొండచిలువలకు సంసారం చెయ్యడం రాదు. లక్షల ఏళ్లుగా ఈ సంగతి ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల అవి తోచినప్పుడు కలుసుకుని, తోచినచోట గుడ్లు పెట్టి, ఎవరికీ నివేదిక సమర్పించకుండానే తమ జాతిని నడుపుకుంటూ వచ్చాయి. ఈ అరాచకానికి గత కార్తీకమాసంలో, బహ్రెయిన్ దేశంలో, ఒక రెండంతస్తుల విల్లా పైగదిలో తెరపడింది. ఆ చారిత్రక ఘట్టంలో దరఖాస్తులు నింపినవాడిగా నాకూ కొంత పాత్ర ఉంది కాబట్టి, జరిగింది జరిగినట్టు రాసిపెట్టడం నా బాధ్యత.

నా పేరు శ్రీనివాసరాజు. ఇక్కడి నయీమ్ పేటలో ఒక జిరాక్స్ షాపు మూలన కుర్చీ వేసుకుని మనవాళ్లకి ఫారాలు నింపిపెడుతుంటాను. ఒకప్పుడు కాగితాల మీద నింపేవాణ్ణి. ఇప్పుడు వాళ్ల ఫోన్లోనే యాప్ తెరిచి వేలితో నింపుతున్నాను. పదహారేళ్లలో నేను నింపిన ఫారం వెనక్కి రావడం అరుదు. (వచ్చిన సందర్భాల్లో అది ఫారం తప్పు.)

రాజోలు దగ్గర పల్లెటూరి నుంచి వచ్చిన సాయికుమారి ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నా కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుంటుంది. ఆమె పనిచేసే ఇంటి మేడమ్ పెద్ద పెద్ద కంపెనీలకు పని పద్ధతులు నేర్పే ఉద్యోగం చేస్తుంది. పది నిమిషాల్లో అయ్యే పనికి పది నిమిషాలు ఎందుకు పడుతోందో నాలుగు నెలలు పరిశీలించి చెబుతుంది. మనిషి మంచిది. జీతం ఒకటో తారీఖున వేస్తుంది, గొంతు ఎప్పుడూ పెంచదు. గొంతు పెంచే యజమానికి ఎప్పుడో ఒకప్పుడు గొంతు నొప్పి పుట్టి ఆగుతుంది. పద్ధతి ఉన్న యజమానికి ఆ ఇబ్బంది లేదు.

ఆవిడ తన ఇంటికోసం ప్రత్యేకంగా ఒక యాప్ చేయించుకుంది. పేరు 'నిజామ్'. అరబ్బీలో వ్యవస్థ అని అర్థం. (ఆ ఇంటి డ్రైవరు దేవన్నది జగిత్యాల దిక్కు. 'గీ పేరు వదిలించుకునేటందుకు మా తాతలు మస్తు తిప్పలు పడ్డరు సార్' అని నాతో అన్నాడు. చరిత్రలోకి నేను వెళ్లను.) నిజామ్‌లో ఆ ఇంట్లో ఉన్న ప్రతిదానికీ ఒక నంబరుంది. వాషింగ్ మెషీన్ మూడు, సాయికుమారి నాలుగు, దేవన్న ఐదు. ఏ పని చేసినా యాప్‌లో నొక్కాలి. నొక్కకపోతే చెయ్యనట్టే. ఒకసారి సాయికుమారి ఇల్లంతా తుడిచి నొక్కడం మరిచిపోతే, అద్దంలా మెరుస్తున్న ఆ నేలని మేడమ్ ఏమాత్రం కోపం లేకుండా మళ్లీ తుడిపించింది.

మేడమ్ కొడుకు చదువుకోసం మలేషియా వెళ్తూ తను పెంచుకుంటున్న రెండు పాముల్ని చెరో మూత టబ్బులో ఉంచి పైగదిలో వదిలి వెళ్లాడు. బాల్ పైథాన్ అంటారు వాటిని. కొండచిలువల్లో చిన్న రకం. విషం లేదు, ఎవరి జోలికీ రావు. భయమేస్తే బంతిలా చుట్టుకుని తల లోపల దాచేసుకుంటాయి. ఆడది గోధుమరంగు, మగది మాగిన అరటిపండు రంగు. వాటికి ఆరు, ఏడు నంబర్లు ఇచ్చి, సంరక్షకురాలు అన్న గడిలో సాయికుమారి పేరు రాశారు. అలా ఒకానొక పూట ఆమెకి ఇద్దరు ఆశ్రితులు ఏర్పడ్డారు.

మా గోదావరి జిల్లాల్లో పామును పామనరు, సుబ్బారాయుడంటారు. కాబట్టి మగది సుబ్బారాయుడైంది. సుబ్బారాయుడి పక్కనున్నది వల్లీదేవి కాక ఇంకెవరవుతారు గనక, ఆడది వల్లమ్మ అయింది. పేరు గడి ఖాళీగా ఉంటే యాప్ ముందుకు కదలదు కాబట్టి ఆ పేర్లే నిజామ్‌లోకి ఎక్కాయి. మొదటి రెండు వారాలు సాయికుమారి టబ్బు మూత తీసేముందు దణ్ణం పెట్టుకుని, తీశాక ఇంకో దణ్ణం పెట్టుకునేది. భయం పోలేదు గానీ భయపడుతూనే పనిచెయ్యడం అలవాటైపోయింది. ఉద్యోగంలో కుదురుకోవడమంటే అంతే.

ఆహారం వారానికొక ఎలుక. గడ్డకట్టించిన ఎలుకల ప్యాకెట్లు దేవన్న తెస్తాడు. ఎలుకని కవరులో వేసి వేణ్నీళ్లలో కరిగించి, పట్టకారుతో పట్టుకుని పాము ముందు ఆడించాలి. ఇక్కడ సాయికుమారికి ఒక ధర్మసందేహం వచ్చింది. ఎలుక వినాయకుడి వాహనం. పాము సుబ్రహ్మణ్యేశ్వరుడి రూపం. అన్నగారి వాహనాన్ని తమ్ముడికి భోజనంగా వడ్డించవచ్చునా అని నన్ను అడిగింది. ఇలాంటి కేసుకి ఫారం లేదు గనుక, అన్నదమ్ముల ఆస్తి వ్యవహారంలో మూడోవాళ్లు తలదూర్చకూడదని చెప్పాను. అప్పట్నుంచి కళ్లు మూసుకుని ముందుగా వినాయకుడి చెవిన వేసి ఆ తర్వాత వడ్డిస్తోంది.

అంతవరకూ బాగానే ఉంది. ఎండలు తగ్గాక ఒకరోజు మేడమ్ 'ప్రారంభకుల కోసం పాముల పెంపకం' అనే అరవై నాలుగు పేజీల పత్రం చదివింది. సుబ్బారాయుణ్ణి, వల్లమ్మని కలిపితే అరటిపండు రంగు పిల్లలు పుట్టే అవకాశం ఉందట. ఆవిడకి పిల్లల మీద గానీ, వాటి వల్ల వచ్చే డబ్బు మీద గానీ ఆశ లేదు. ఏమీ తెలియని మనిషి కూడా పద్ధతి ప్రకారం చేస్తే మొదటిసారే ఫలితం వస్తుందని నిరూపించాలన్నది ఆవిడ ఆశ. ఆ ఏమీ తెలియని మనిషిగా సాయికుమారి ఎంపికైంది. పోటీ ఏమీ లేదు.

పద్ధతి ఇలా ఉంది. ఆడదాని బరువు పదిహేను వందల గ్రాములు దాటాలి. టబ్బులో ఒకవైపు ముప్పై రెండు డిగ్రీలు, రెండోవైపు ఇరవై ఆరు ఉండాలి. చలికాలం వచ్చిందని పాములకి నమ్మకం కలిగేలా రాత్రిళ్లు ఇంకో రెండు మూడు డిగ్రీలు తగ్గించాలి. (బహ్రెయిన్‌లో చలికాలం వచ్చిందని మనుషులకి నమ్మకం కలిగించడం ఇంకా కుదరలేదు.) అప్పుడు మగదాన్ని తెచ్చి ఆడదాని టబ్బులో పెట్టి, రెండు రోజులు చూసి, విడదీసి, తొమ్మిది రోజులాగి మళ్లీ పెట్టాలి. గదిలో ఒక కెమెరా, వేడిని కొలిచేది ఒకటి, గాలిలో తేమని కొలిచేది ఒకటి బిగించారు. కింద సాయికుమారి గదిలో వేడి, తేమ రెండూ దండిగా ఉన్నా వాటిని కొలవాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

మూడుసార్లు పెట్టారు. మూడుసార్లూ సుబ్బారాయుడు ఒక మూల బంతి చుట్టుకున్నాడు, వల్లమ్మ ఇంకో మూల బంతి చుట్టుకుంది. పెళ్లిచూపుల్లో మొహమాటం లాంటిదేనని సాయికుమారి అభిప్రాయం. నిజామ్‌లో మాత్రం 'ఫలితం: బంతులు, రెండు' అని నమోదైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాజోలు నుంచి కబురొచ్చింది. సాయికుమారికి ఒక్కతే కూతురు, లక్ష్మిప్రసన్న. ఆ అమ్మాయికి నెల తప్పింది. వైశాఖంలో పురుడు. మాలో తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. తల్లి దగ్గరుండాలి, వేణ్నీళ్లు పొయ్యాలి, పథ్యం వండిపెట్టాలి, పసిగుడ్డుని కాళ్ల మీద వేసుకుని నలుగు పెట్టాలి. సాయికుమారికి భర్త లేడు, తల్లి లేదు, తోడబుట్టినవాళ్లు లేరు. ఆ పుట్టిల్లంటే ఆమె ఒక్కతే. ఆమె వెళ్తేనే ఆ ఇంటి తాళం తీసేవాళ్లు ఉంటారు. పెళ్లికి పన్నెండు రోజులు వెళ్లి వచ్చింది. పురుటికి నెలరోజులైనా ఉండాలని కబురు చెప్పిన రోజే నా స్టూలు మీద కూర్చుని లెక్క వేసుకుంది.

నాగులచవితి వచ్చింది. ఇంటి దగ్గరైతే పొద్దున్నే పుట్ట దగ్గరకు వెళ్లేది. ఇక్కడ పుట్టెక్కడిది? పైగదిలో సాక్షాత్తూ సుబ్బారాయుడే ఉండగా పుట్ట కోసం వెతుక్కోవడం తెలివితక్కువ కూడాను. తలారా స్నానం చేసి, తడి జుట్టు ముడివేసుకుని, పచ్చి మంచినీళ్లయినా తాగకుండా, చిమ్మిలి ఉండలు రెండూ చలివిడి ముద్దా టబ్బు పక్కన పెట్టి, లోపల ఒక మూల, పాముల కింద పరిచిన కొబ్బరిపొట్టు మీద గ్లాసెడు పాలు పోసింది. నా పిల్ల కాన్పు సుఖంగా అవ్వాలి, నేను దగ్గరుండాలి అని నాలుగు నిమిషాలు గొణుక్కుంది. (నాలుగు నిమిషాలని నాకెలా తెలుసంటే, కెమెరా ఉంది.) మగదాన్ని తెచ్చి పెట్టాల్సిన రోజు కూడా అదే కావడంతో, దణ్ణం పెట్టి సుబ్బారాయుణ్ణి లోపల దించింది.

పాల తడికి టబ్బులో తేమ యాభై నుంచి ఎనభై ఎనిమిదికి ఎక్కింది. వానొచ్చిందనుకున్నాడో ఏమో, సుబ్బారాయుడు బంతి విప్పాడు. గంటలో కార్యం జరిగింది.

మేడమ్ ఆఫీసు నుంచే చూసింది. సాయంత్రం ఇంటికొచ్చి వీడియో నాలుగుసార్లు తిప్పి చూసి, గత మూడు ప్రయత్నాలకూ దీనికీ ఉన్న తేడాలు రాసింది. ఒకటి, పాలు. రెండు, నువ్వుల ఉండలు. మూడు, నిర్వాహకురాలు ఏమీ తినకపోవడం. నాలుగు, ఆమె జుట్టు తడిగా ఉండటం. ఐదు, గొణుగుడు. వీటిలో ఏది పనిచేసిందో తెలియదు గనుక ఏదీ తీసెయ్యకూడదని తీర్మానించింది. (మన ఆచారాలు కూడా ఇలాగే పుట్టాయని అంటారు. కాకపోతే వాటికి వేల ఏళ్లు పట్టింది, ఇక్కడ ఒక్క సాయంత్రం.) మర్నాటికల్లా పాముల పెంపకం పద్ధతిలో పద్దెనిమిది మెట్లున్నవి ఇరవై మూడయ్యాయి.

ఏడాదికొకసారి వచ్చే నాగులచవితి ఆ ఇంట్లో పదకొండు రోజులకొకసారి రావడం మొదలైంది. ప్రతిసారీ తలస్నానం, ఉపవాసం, చిమ్మిలి, పాలు. ఆ మర్నాడు పులిసిన పాల కంపుతో ఉన్న కొబ్బరిపొట్టంతా తీసి కొత్తది వెయ్యడం. ఉపవాసం నడుస్తుండగా మధ్యాహ్నం పన్నెండింటికి ఫోనులో 'మీకు ఆకలిగా ఉందా? అవును / కాదు' అని వస్తుంది. కాదు అని నొక్కితే ఆరోజు ప్రయత్నం చెల్లదు. మేడమ్ దయగలది కాబట్టి సాయంత్రానికి మూడు ఖర్జూరాలు ఇచ్చే ఏర్పాటు చేసింది. దేవన్న మాత్రం అసంతృప్తిగా ఉన్నాడు. తమ దిక్కు నాగులపంచమి శ్రావణంలోనే చేస్తారని, ఇంత ఆలస్యంగా చేసే పండుగకి ఇంత ఫలితం రావడం అన్యాయమని అతని వాదన.

సంక్రాంతి వెళ్లాక మొదటి సెలవు దరఖాస్తు పెట్టాం. కారణం: కూతురి పురుడు. తొమ్మిది సెకన్లలో జవాబొచ్చింది. 'కూతురు' అనే సభ్యురాలు వ్యవస్థలో లేదు, ముందు నమోదు చెయ్యండి అని. చేద్దామని తెరిస్తే, సంరక్షణలో ఉన్నవారిని చేర్చే ఫారం పాముల కోసం తయారైందని తేలింది. బరువు, గ్రాముల్లో. యాభై రెండు వేలు అని రాశాను. చివరిసారి కుబుసం విడిచిన తేదీ. అది ఖాళీగా వదిలితే ముందుకు పోదు. చాలాసేపు ఆలోచించి లక్ష్మిప్రసన్న పెళ్లి తేదీ వేశాను. వృత్తి జీవితంలో నేను నింపిన గళ్లలో అంత నిజాయితీగా నింపింది ఇంకొకటి లేదు. అయినా తిరస్కరించారు. ఆ బరువుకి సరిపడే టబ్బు ఇంట్లో లేదట.

రెండో దరఖాస్తు: సొంత పని. దానికి, మీరు లేనప్పుడు ఇరవై మూడు మెట్లూ చెయ్యగల మనిషిని చూపించండి అన్నారు. దేవన్నని చూపించాం. అతను మంచివాడు, అక్కా నీకోసం చేస్తానన్నాడు. పాములంటే భయం లేదు. అస్కర్ దగ్గర కూలీల క్యాంపులో ఉన్నప్పుడు ఎనిమిది మందితో ఒకే గదిలో నాలుగేళ్లు పడుకున్నాడు, రెండు పాములొక లెక్కా? పాలు పోశాడు, ఎలుక ఆడించాడు, గొణిగాడు కూడా. (ఏం గొణిగాడో నేను రాయను.) ఉపవాసం రోజున పదకొండింటికి సిగ్నల్ దగ్గర కారాపి షావర్మా తిన్నాడు. అది కూడా మేడమ్ క్షమించేదేమో గానీ, తడి జుట్టు ఫోటో పెట్టమని యాప్ అడిగింది. దేవన్నది పూర్తి బట్టతల.

"నెత్తి మీద ఎంటికలుంటే నేనెందుకు తడపను సార్? లేనిదాన్ని ఎట్ల తడుపుడు?" అని నా ముందు కూర్చుని నిజంగా బాధపడ్డాడు.

ఆరుసార్లు నున్నటి తడి నెత్తిని ఫోటో తీసి పెట్టాం. ఆరుసార్లూ 'చిత్రంలో జుట్టు కనబడలేదు, దయచేసి వెలుతురులో నిలబడండి' అని వచ్చింది. ఎండలో నిలబెట్టి తీస్తే ఫోటోలో వెలుతురు తప్ప ఇంకేమీ కనబడలేదు.

ఇక నిజం చెప్పేస్తానంది సాయికుమారి. నిజం చెప్పడం వల్ల పనులు జరగవని పదహారేళ్ల అనుభవంతో హెచ్చరించాను. వినలేదు. మేడమ్ కాఫీ తాగుతున్న సమయం చూసి, వచ్చిన హిందీలో రాని అరబ్బీ కలిపి మొత్తం చెప్పుకొచ్చింది. ఆ పాలూ చిమ్మిలీ పాముల కోసం కాదని, తన పిల్ల కోసమని, అది ఏడాదికొక్కసారి చేసే పండగని, ఇందులో పద్ధతేమీ లేదని.

"అది మొక్కమ్మా" అందట. "పద్ధతి కాదు."

రెండింటికీ తేడా ఏమిటని మేడమ్ అడిగింది. వెటకారంగా కాదు, నోటుపుస్తకం తెరిచి పెట్టుకుని నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. సాయికుమారి ఆలోచించి జవాబు చెప్పింది. అంతకన్నా మంచి జవాబు నాకూ తట్టేది కాదు. అదే కొంప ముంచింది.

"పద్ధతైతే ఎవరైనా చెయ్యొచ్చండి. మొక్కు ఎవరిది వాళ్లే తీర్చుకోవాలండి."

మేడమ్ చాలా సంతోషించింది. మూడు నెలలుగా తన పట్టికలో అంతుపట్టని ఒక గడి నిండినట్టయింది. ఆ సాయంత్రమే ఇరవై మూడు మెట్ల కింద ఒక నియమం చేరింది: 'ఈ పనులు నాలుగో నంబరు మాత్రమే చెయ్యాలి. వేరొకరు చేస్తే ఫలించవు (ఆధారం: నాలుగో నంబరు).' హోదా కూడా పెరిగింది. ఇప్పుడామె గృహ సహాయకురాలు కాదు, ప్రత్యామ్నాయం లేని నిపుణురాలు. హోదాతో పాటు సెలవు అర్హత పోయింది.

ఫాల్గుణంలో వల్లమ్మ ఆరు గుడ్లు పెట్టింది. కోడిగుడ్డు కంటే పెద్దవి, తెల్లగా, తోలులా మెత్తగా ఉంటాయి. పాముగుడ్డుని పెట్టిన రోజు ఏవైపు పైకి ఉందో చివరిదాకా అలాగే ఉంచాలి, దొర్లిస్తే లోపల పిల్ల చచ్చిపోతుంది. పైవైపు గుర్తుండటానికి పెన్సిలుతో చుక్క పెట్టమని పత్రంలో ఉంది. సాయికుమారి కుంకుమ బొట్లు పెట్టింది. అది ఇరవై నాలుగో మెట్టయింది. ముప్పై ఒకటిన్నర డిగ్రీల వేడి ఉండే పెట్టెలో వాటిని పెట్టారు. యాభై ఎనిమిది రోజులకి పిల్లలు బయటికి రావాలని నిజామ్ లెక్క కట్టింది. ఆ తారీఖు, రాజోలు డాక్టరమ్మ లక్ష్మిప్రసన్నకి చెప్పిన తారీఖు ఒక్కరోజు తేడాతో పడ్డాయి.

"పాముగుడ్లకి తారీఖు ఉందండి. నా పిల్లకీ తారీఖు ఉంది. నాకే లేదండి" అంది సాయికుమారి ఆ శుక్రవారం. ఏడవలేదు. అడుగుతున్నట్టుగానే అంది.

అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. ఆ పట్టుదల ఆమె కోసమా, నా పేరు కోసమా అంటే, నిజాయితీగా చెప్పాలంటే సగం సగం. సెలవు కారణాల పట్టిక మొత్తం కిందికి లాగి చదివాను. అది మేడమ్ తన ఆఫీసు నుంచి తెచ్చి అతికించిన పట్టిక. స్వంత వివాహం, స్వంత శస్త్రచికిత్స, స్వంత మరణం (మూడు రోజులు, జీతంతో) వరుసగా ఉన్నాయి. అన్నిటికన్నా అడుగున, ఎవరూ వేలు పెట్టని చోట, 'సంరక్షణలో ఉన్నవారి ప్రసవం: పది రోజులు' అని కనబడింది. నొక్కాను. ఎవరి ప్రసవం అని రెండు పేర్లు చూపించింది, సుబ్బారాయుడు, వల్లమ్మ. ఏదో ఒకటి నొక్కితే గాని ముందుకు పోదు. సుబ్బారాయుడు మగవాడు. వల్లమ్మని నొక్కాను. పేరు ఎవడు చదువుతాడు, యంత్రానికి కావలసింది గడి నిండటమే కదా అనుకున్నాను. తారీఖులు వేసి పంపాను.

పదకొండు సెకన్లలో మంజూరైంది.

షాపులో అందరికీ చాయ్ నేనే ఇప్పించాను. దేవన్న నా చేయి పట్టుకుని ఊపేశాడు. పది రోజులు చాలకపోయినా నీళ్లు పోసే రోజుకు ఉంటానని సాయికుమారి కళ్లు తుడుచుకుంది. ఆ సాయంత్రమే సూకు బజారుకి వెళ్లి చంటిపిల్లకి మెత్తటి తువ్వాళ్లు మూడు, గుడ్డ టోపీ ఒకటి కొనుక్కొచ్చి నాకు చూపించింది. ఆ టోపీ నా అరచేతిలో పట్టింది. పదహారేళ్లలో నేను నింపిన ఫారాల్లో అంత గర్వపడింది లేదు.

వారం తర్వాత ప్రయాణపత్రం వచ్చింది. మేడమ్ పద్ధతి గల మనిషి కాబట్టి సెలవు మంజూరైతే ప్రయాణ వివరాలు యాప్ తనే తయారు చేస్తుంది. నేనే చదివి వినిపించాను. బయలుదేరు స్థలం: కింది అంతస్తు. చేరు స్థలం: పై అంతస్తు, పాముల గది. లగేజీ: ఒక సంచి. సెలవు ఉద్దేశం: వల్లమ్మ ప్రసవ సమయంలో తోడుగా ఉండటం.

మేడమ్ దగ్గరికి సాయికుమారి ఈసారి దేవన్నని కూడా వెంటబెట్టుకుని వెళ్లింది. మేడమ్ మొత్తం విని నిజంగానే నొచ్చుకుంది. ముందే చెప్పాల్సింది, ఇప్పుడు మంజూరైన సెలవుని మారిస్తే అది రద్దయి, కొత్తదానికి ఆరు నెలలు ఆగాలని వ్యవస్థలో ఉందని చెప్పింది. తను పెట్టిన నియమాన్ని తనే దాటితే రేపు ఆఫీసుల్లో ఎవరికేం చెబుతుంది? పైగదిలోకి ఒక మంచి కుర్చీ వేయించింది. అక్కడ సిగ్నల్ బాగుంటుంది, వీడియోలో అన్నీ చూడవచ్చు అని ధైర్యం చెప్పింది. ఖలాస్ చెప్పి పని వదిలి వెళ్లిపో అక్కా అని దేవన్న అన్నాడు. వెళ్లిపోతే జీతం ఆగిపోతుంది, పురుటికి ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టాలని ఆమె అడిగింది. ఆ గడిలో వేలు పెట్టింది నేను. నాకు చాలా సిగ్గేసింది, ఇప్పటికీ వేస్తోంది.

పది రోజుల సెలవు అలాగే గడిచింది. ఆరో రోజు నొప్పులు మొదలయ్యాయని ఫోనొచ్చింది. కూతురి అత్తగారే అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లింది, ఆవిడే వీడియో పట్టుకుని నిలబడింది. సాయికుమారి గుడ్ల పెట్టె మీద ఫోను ఆనించి పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. 'అమ్మా, అమ్మా' అన్న కేక రెండుసార్లు వినబడ్డాక నర్సమ్మ ఎవరో ఫోను ఆపించింది. ఆపైన నలభై నిమిషాలు ఆమె ఎదురుగా ఉన్నది ఆ పెట్టె ఒక్కటే. అందులో మొదటి గుడ్డు అప్పుడే చీలింది. ఇంత ముక్కు బయటపెట్టి ఒక పాముపిల్ల ఊపిరి పీల్చుకుంటూ ఆమెకేసి చూసింది. ముక్కు అరటిపండు రంగులో ఉంది. తర్వాత ఫోను వెలిగింది. ఆడపిల్ల. తల్లీపిల్లా క్షేమం.

"ముందు పాముపిల్ల మొహం చూశానండి. ఆ తర్వాత నా మనవరాలి మొహం చూశాను" అని చెప్పింది సాయికుమారి తర్వాతి శుక్రవారం. "వియ్యపురాలే వేణ్నీళ్లు పోసిందంటండి. మంచావిడ. ఏమీ అనలేదంట."

ఏమీ అనలేదన్న మాట రెండుసార్లు చెప్పింది. టోపీ ఇంకా ఆమె సంచిలోనే ఉంది. ఊరెళ్లేవాళ్లెవరైనా ఉంటే పంపాలట, ఈలోగా పిల్ల తల పెరిగిపోతుందేమోనని బెంగ. నాకు చేతనైన పని ఒక్కటే కాబట్టి ఫోను ఇమ్మని తీసుకున్నాను. నిజామ్ నుంచి ఒక ప్రశ్న వచ్చి ఉంది. 'ప్రసవ సెలవు పూర్తయినందుకు అభినందనలు. ఆరుగురూ ఆరోగ్యంగా ఉన్నారు. మీవాళ్లతో గడిపిన సమయానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?'

ఒకటి నొక్కమని చెప్పాను. ఒకటి నొక్కితే కారణం రాయమని గడి తెరుచుకుంది. కనీసం రెండు వందల అక్షరాలు, ఇంగ్లీషులో గానీ అరబ్బీలో గానీ. రాస్తానన్నాను. రెండు భాషల్లోనూ రాస్తానన్నాను. వద్దండి రాజుగారూ, ఇప్పటిదాకా రాసింది చాలండి అంది. నా చేతిలోంచి ఫోను నెమ్మదిగా తీసుకుని తనే ఐదూ నొక్కేసింది.

ఐదు నక్షత్రాలు ఇచ్చిన సెలవు కాబట్టి వచ్చే ఏడాది, ఆపై ఏడాది కూడా అదే సెలవు, అదే గదిలో, దరఖాస్తు అవసరం లేకుండా మంజూరైందని నాలుగు సెకన్లలో జవాబొచ్చింది.